మా నాయన ఆ సినిమాలో నాన్నలా ఉండేవాడు కాదు

ప్రశ్న:

అక్కా, నాకు 26 ఏళ్ళు. మాది ధర్మవరం. బెంగళూరులో ఉద్యోగం. మారతహళ్ళిలో ముగ్గురు ఫ్రెండ్స్‌మి కలిసి ఒక ఫ్లాట్‌లో ఉంటున్నాం. మా నాయన మగ్గం నేసేవాడు. పది నెలల కిందట గుండెపోటు వచ్చి పోయాడు. 52 ఏళ్ళే. ఆఫీసులో ఉండగా ఫోనొచ్చింది. వెళ్ళాను, తలకొరివి పెట్టాను, పదకొండు రోజులూ ఉండి అన్నీ చేశాను. కంట్లో చుక్క నీళ్ళు రాలేదు. "పెద్దకొడుకై ఉండి రాయిలా నిలబడ్డాడు చూడండి" అని మా మేనత్త అందరి ముందూ అంది.

నాయన చాలా మంచోడని అందరూ అంటారు. బయటివాళ్ళకు మంచోడే. ఇంట్లో వేరే మనిషి. మగ్గం చప్పుడు ఆగిందంటే నేనూ చెల్లెలూ పుస్తకాలు పట్టుకొని మూలకు చేరేవాళ్ళం, ఎవరి మీద పడతాడో తెలీదు కాబట్టి. అమ్మను కొట్టడం కళ్ళారా చూశాను. అప్పు చేసి నన్ను ఇంజనీరింగ్ చదివించింది కూడా ఆయనే. పోవడానికి మూడు నెలల ముందు ఆ అప్పు గురించే ఫోన్లో గొడవైంది. "మాకు నువ్వు చేసిందేముంది" అనేశాను. ఆ తర్వాత మా మధ్య మాటల్లేవు.

పోయిన నెల ఒక ఆదివారం మావాళ్ళు టీవీలో 'సూర్య సన్నాఫ్ కృష్ణన్' పెట్టారు. చిన్నప్పుడు పాటల కోసం ఎన్నోసార్లు చూసిన సినిమానే. ఈసారి సగంలో లేచి బయటికి వెళ్ళిపోయాను. మా ఫ్రెండ్ ఏడ్చి, వాళ్ళ నాన్నకు ఫోన్ చేసి మాట్లాడాడు. నాకు ఏడుపు రాలేదు, ఒళ్ళంతా కోపం వచ్చింది. అప్పట్నుంచి రాత్రిళ్ళు సరిగా నిద్ర లేదు. చిన్నదానికీ అరుస్తున్నాను. అరిస్తే అచ్చం నాయన గొంతే. అమ్మ ఫోన్ చేస్తే ఎత్తబుద్ధి కావడం లేదు, ఆయన్ను దేవుణ్ణి చేసి మాట్లాడుతోంది. రెండు నెలల్లో సంవత్సరీకం. రాకపోతే నా మీద ఒట్టే అంటోంది. లేని ప్రేమ నటిస్తూ అక్కడ ఎలా కూర్చోవాలి? నా మాట వల్లే ఆయనకు గుండెపోటు వచ్చిందా? అసలు నాకు బాధపడే హక్కు ఉందా?

ఒక తమ్ముడు, బెంగళూరు

సమాధానం:

తమ్ముడూ, ముందు గుండెపోటు సంగతి చెప్పేస్తాను. నిన్ను రాత్రిళ్ళు మేలుకోబెడుతున్నది అదేనని నాకు గట్టిగా అనిపిస్తోంది. నీ మాట వల్ల మీ నాయనకు గుండెపోటు రాలేదు. గుండెకు రక్తం తీసుకెళ్ళే నాళాల్లో కొవ్వు పేరుకోవడం ఏళ్ళ తరబడి లోపల్లోపల జరిగే పని. పొగ, బీపీ, షుగరు, వంశంలో ఉన్న జబ్బు, ఇవన్నీ కలిసి చేసేది. ముందే జబ్బున్న గుండెకు విపరీతమైన ఆవేశం వస్తే ఆ కాసేపట్లో ప్రమాదం జరగొచ్చు. మూడు నెలల ముందు జరిగిన ఫోన్ కాల్‌కు అలా జరగదు. ఇంకో సంగతి కూడా విను. తండ్రికి 55 ఏళ్ళ లోపే గుండెజబ్బు వచ్చిందంటే డాక్టర్లు దాన్ని పిల్లలకు ఒక హెచ్చరికగా లెక్కేస్తారు. కుర్రాడివే అయినా నువ్వు ఒకసారి బీపీ, షుగరు, కొలెస్ట్రాల్ చూపించుకో. చెల్లెలికి కూడా చేయించు.

ఆ మాట అనకుండా ఉంటే బాగుండేదని నీకు తెలుసు, నేను కాదనను. కానీ అదే ఆఖరి మాట అవుతుందని నీకూ తెలీదు, ఆయనకూ తెలీదు. తండ్రీకొడుకులు ఇలాగే గొడవపడి, ఆర్నెల్లు మాటల్లేకుండా ఉండి, ఏ పండక్కో పెళ్ళికో ఎదురుపడి "అన్నం తిన్నావా" దగ్గర మళ్ళీ మొదలుపెట్టే ఇళ్ళు మన దగ్గర ఎన్ని లేవు? మీ ఇద్దరికీ ఆ పండగ రాలేదు. అందుకని 26 ఏళ్ళ సంబంధాన్నంతా ఆ ఒక్క ఫోన్ కాల్ ఖాతాలో రాసేయకు. అందులో నువ్వు చూసిన దెబ్బలు ఉన్నాయి, నీ ఫీజు కోసం ఆయన తెచ్చిన అప్పు ఉంది, ఆ ఫోన్ కూడా ఉంది. ఒకటి ఇంకోదాన్ని కొట్టేయదు.

ఇక సినిమా. 2008లో వచ్చినప్పటి నుంచి మన కుర్రాళ్ళకు అదంటే ప్రాణం. 2023లో మళ్ళీ విడుదల చేస్తే తెలుగు థియేటర్లలో పాటపాటకూ గొంతు కలిపి పాడారు. నాకూ ఇష్టమే. అయితే అది ఏ పరిస్థితుల్లో తయారైందో కాస్త ఆలోచించు. దర్శకుడు గౌతమ్ మేనన్ తండ్రి 2007లో పోయారు. ఆ సినిమాను ఆయన తన తండ్రికి ఇచ్చుకున్న నివాళిగా చెప్పారు. అంటే ఒక కొడుకు, తనకు దక్కిన తండ్రిని తలచుకొని, ఆ వెలితిలో ఉండి చెప్పుకున్న కథ. అందుకే అందులో తండ్రి అంత చల్లని మనిషి. కొడుకు తన ప్రేమ సంగతి దాచకుండా చెప్పుకోగలడు. ఆ అమ్మాయి కోసం అమెరికా వెళ్ళగలడు. ఆమె పోయాక మత్తులో పడితే అమ్మానాన్నా దగ్గరుండి బయటికి లాగుతారు. అలాంటి తండ్రి పోతే కొడుకు ఎందుకు ఏడుస్తున్నాడో చూసేవాళ్ళకు ఎవరూ చెప్పక్కర్లేదు. నీ బాధ అలా ఒక్క చూపుకు అర్థమయ్యేది కాదు. పక్కన కూర్చున్న స్నేహితుడికి కాదు, మేనత్తకు కాదు, నీకే ఇంకా అర్థం కాలేదు.

ఆ ఆదివారం ఏం జరిగిందో నేను ఇలా అనుకుంటున్నాను. నీ స్నేహితుడు తెర మీది తండ్రిలో తన తండ్రిని చూసుకున్నాడు, ఫోన్ తీశాడు. నువ్వు నీకు దొరకనిదాన్ని చూశావు. అదీకాక, ఫోన్ చేయడానికి నీకు అవతలి వైపు మనిషి లేడు. తండ్రి ఎంత కఠినుడైనా, బతికున్నంత కాలం కొడుక్కి మనసులో ఏదో మూల ఒక ఆశ ఉంటుంది. ఎప్పటికో మెత్తబడతాడు, ఎప్పటికో పక్కన కూర్చోబెట్టుకొని ఒక మంచి మాట అంటాడు అని. కొడుకుల్ని బెల్టుతో కొట్టి పెంచినవాళ్ళు ముసలితనంలో మనవణ్ణి భుజానికెత్తుకొని బజారంతా తిప్పడం మనం చూస్తూనే ఉంటాం. మీ నాయనకు ఆ వయసు రాలేదు. పది నెలల కిందట నీకు మనిషీ పోయాడు, ఆ ఆశా పోయింది. మనిషి పోయినందుకు ఊరంతా వచ్చి పలకరించింది. రెండోదాని గురించి ఎవరూ పలకరించలేదు, ఎందుకంటే అదొకటి ఉందని ఎవరికీ తెలీదు. సినిమా చూస్తుంటే నీకొచ్చిన కోపం అక్కడిదే. దాన్ని దుఃఖం అనే అంటాను నేను.

కాబట్టి హక్కు గురించి అడగకు. తండ్రి ఎంత మంచివాడైతే కొడుక్కి అంత బాధ అని ఎవరూ కొలిచి పంచరు. చెప్పాలంటే నీకే బరువు ఎక్కువ. మంచి తండ్రిని పోగొట్టుకున్నవాడు ఒక్క బాధతో సరిపెట్టుకుంటాడు. నీ లోపల బాధ, కోపం, తప్పు చేశానన్న గుబులు ఒకదాన్నొకటి తోసుకుంటున్నాయి. ఊరట కూడా ఉండొచ్చు, ఇక అమ్మ మీద ఎవరూ చెయ్యెత్తరు అన్న ఊరట. ఆ మాట నువ్వు రాయలేదు, నేనే రాస్తున్నాను. ఉంటే సిగ్గుపడకు. దెబ్బలు చూసి పెరిగిన కొడుక్కి అది రాకపోతేనే ఆశ్చర్యం.

"మీ నాయనకు లోపల బోలెడు ప్రేమ, పైకి చూపించడం చేతకాలేదంతే" అని నీకు చాలామంది చెప్పే ఉంటారు. ఇంకా చెబుతారు. నేను చెప్పను. ప్రేమ ఉండే ఉంటుంది, కొడుకు మగ్గం మీద కూర్చోకూడదని అప్పు చేసిన మనిషి కదా. మగ్గం కష్టం కూడా చిన్నది కాదు. గుంతలో కాళ్ళు పెట్టుకొని రోజంతా వంగి నేస్తే నడుం పోతుంది, సన్న జరీ మీద చూపు పోతుంది. పట్టూ జరీ షావుకారువి, నేసినవాడికి మిగిలేది కూలి. ఆ కష్టం ఆయన కోపానికి కారణం అయ్యుండొచ్చు. కారణం ఉన్నంత మాత్రాన కొట్టడం ఒప్పయిపోదు. అదే వీధిలో అదే మగ్గం నేస్తూ పెళ్ళాం మీద చెయ్యి వేయని మగాళ్ళు ఎంతోమంది ఉన్నారు. నిన్ను చదివించినవాడూ ఆయనే, మీ అమ్మను కొట్టినవాడూ ఆయనే. ఇద్దర్నీ కలిపి ఒకే మనిషిగా చూడటం కష్టం. దానికి ఏళ్ళు పట్టొచ్చు. ఈలోగా ఎవరి మాటో విని ఒక్కణ్ణే మిగుల్చుకోకు.

ఏడుపు రాకపోవడం గురించి ఎక్కువ చెప్పాల్సిన పని లేదు. దుఃఖానికి ఐదు మెట్లుంటాయని ఎక్కడో చదివే ఉంటావు. 1969లో ఎలిజబెత్ కుబ్లర్ రాస్ అనే మానసిక వైద్యురాలు తన పుస్తకంలో ఆ మెట్లు చెప్పింది చావుకు దగ్గరైన రోగులతో మాట్లాడి, వాళ్ళ గురించి. మనవాళ్ళు పోయినప్పుడు అందరం ఆ వరసలోనే నడవాలన్న రూలేమీ లేదు. నీకు ఎక్కువగా పనికొచ్చే మాట మార్గరెట్ స్ట్రోబే, హెంక్ షుట్ అనే ఇద్దరు పరిశోధకులు 1999లో చెప్పారు. దుఃఖంలో ఉన్న మనిషి కాసేపు పోయినవాళ్ళ వైపు, కాసేపు ముందున్న బతుకు వైపు మళ్ళుతూ ఉంటాడని, ఆ అటూ ఇటూ తిరగడమే మామూలని. నువ్వు పది నెలలుగా ఒకవైపే నిలబడి ఉన్నావు. కబురు ఆఫీసులో విన్నావు, పదకొండు రోజులు పెద్దకొడుకువై వచ్చినవాళ్ళ భోజనాల దగ్గర్నుంచి చూసుకున్నావు, తిరిగొచ్చి లాప్‌టాప్ తెరిచావు. నువ్వు రాయలేదు కానీ ఆ అప్పు కూడా ఇప్పుడు నువ్వే కడుతూ ఉంటావు. ఏడవడానికి నీకు తీరిక ఎవరిచ్చారు? ఆ సినిమాలో కొడుకు కూడా తండ్రి పోయిన కబురు విన్నది డ్యూటీలోనే. సైన్యం పని మీద హెలికాప్టర్‌లో వెళ్తూ తండ్రిని తలచుకుంటాడు, కథంతా ఆ తలపుల్లోనే నడుస్తుంది.

ఆ సినిమాలో తండ్రిగా, కొడుకుగా నటించింది హీరో సూర్యే. కొడుకు మొహంలో తండ్రి కనిపిస్తుంటే చూసేవాళ్ళకు ముచ్చటేస్తుంది. నీకు అదే భయం, అరిస్తే నాయన గొంతు వినపడుతోందని. నీ ఉత్తరంలో నేను మళ్ళీ మళ్ళీ చదివింది మగ్గం చప్పుడు గురించిన వాక్యం. మగ్గమున్న ఇంట్లో ఆ చప్పుడు పొద్దున మొదలైతే రాత్రిదాకా గోడల్లో ఉంటుంది. అడ్డం పోగు తీసుకొని నాడె ఈ చివర నుంచి ఆ చివరకు పోవడం, పలక వచ్చి ఆ అడ్డం పోగును, అంటే పేకను, గుద్దడం, మళ్ళీ నాడె. వేరే ఇంట్లో పిల్లలు ఆ చప్పుడుకు నిద్రపోతారు. మీ ఇద్దరికీ ఆ చప్పుడు వినపడుతున్నంతసేపే ధైర్యం. నాయన మగ్గం మీద ఉన్నాడు, ఎవరి జోలికీ రాడు అని. ఆగిందంటే ఒళ్ళు బిగుసుకునేది. పది నెలలుగా ఆ చప్పుడు ఆగే ఉంది. ఆయన ఇక లేచి రాడని నీ బుద్ధికి తెలుసు, ఒంటికి ఇంకా తెలిసినట్టు లేదు. అలా బిగుసుకొని ఉన్న మనిషి చిన్నదానికీ ఎగిరిపడతాడు.

కోపం రావడం వేరు, దాంతో ఎవర్నైనా భయపెట్టడం వేరు. ఆ గొంతు వినపడగానే అక్కణ్ణుంచి లేచి బయటికి నడువు. కాసేపాగి తిరిగొచ్చి, ఆ రోజు గడవకముందే "ఇందాక అరిచాను, నాదే తప్పు" అని ఆ మనిషికే చెప్పు. ఫ్లాట్‌లో గిన్నెలు ఎవరు కడగాలన్న గొడవైనా సరే చెప్పు. రేపు నీకు పెళ్ళయ్యి పిల్లలు పుడితే వాళ్ళు వినాల్సింది ఆ మాటే, దాన్ని ఇప్పట్నుంచే నోటికి అలవాటు చేసుకో.

ఇప్పుడు అసలు సంగతి. మగ్గం చప్పుడు ఆగితే మూలకు చేరిన పిల్లలు ఇద్దరు. నువ్వు స్నేహితుడి గురించి రాశావు, అమ్మ గురించి, మేనత్త గురించి రాశావు. చెల్లెలు ఎలా ఉందో ఒక్క ముక్క లేదు. ఆ అమ్మాయి ఏడ్చిందా? నిద్రపోతోందా? అమ్మ ఆయన్ను దేవుడంటుంటే తనకేమనిపిస్తోంది? నువ్వు బెంగళూరు వచ్చేశాక, ఆయన పోయేదాకా, ఆ ఇంట్లో తను ఒక్కతే ఆ చప్పుడు వింటూ ఉంది. ఈ ప్రపంచంలో నీ బాధను వివరించకుండానే అర్థం చేసుకోగల మనిషి తనే. సంవత్సరీకం కంటే ముందు తనతో మాట్లాడు. "నాయన గుర్తొస్తే నాకు బాధ కంటే కోపం ఎక్కువ వస్తోంది, నీకెలా ఉంది" అని అడుగు. తనకు నీలా కోపం లేకపోవచ్చు, ఏడ్చి ఏడ్చి ఊరుకొని ఉండొచ్చు. తనతో వాదించకు. ఒకే ఇంట్లో పెరిగినా ఇద్దరు పిల్లలకు ఇద్దరు నాన్నలు ఉంటారు.

అమ్మ సంగతి. దెబ్బలు తిన్న మనిషే ఆయన్ను పొగుడుతుంటే నీకు ఒళ్ళు మండుతోంది, అది నాకు తెలుస్తోంది. ఆమె వైపు నుంచి చూడు. మన ఊళ్ళలో భర్త పోతే ఆడమనిషికి మనిషి ఒక్కడే పోడు. బొట్టూ గాజుల దగ్గర్నుంచి పేరంటం పిలుపుల దాకా ఒక్కొక్కటీ పోతాయి. వచ్చినవాళ్ళు "బంగారంలాంటి మనిషి" అని అంటుంటే, కాదని చెప్పి ఆ కాస్త ఓదార్పు కూడా పోగొట్టుకుంటుందా? పైగా ఆయన చెడ్డవాడని ఒప్పుకుంటే ఇన్నేళ్ళ తన కాపురం ఏమిటన్న ప్రశ్న వస్తుంది. ఆ వయసులో, ఆ ఒంటరితనంలో దానికి జవాబు వెతుక్కోమని ఆమెను ఎవరూ బలవంతపెట్టకూడదు. ఆమెకు ఇప్పుడు మంచి భర్త కావాలి, తయారుచేసుకుంటోంది. చేసుకోనివ్వు.

అలాగని నువ్వూ తందానా అనక్కర్లేదు. ఫోన్ ఎత్తడం మానేస్తే మాత్రం ఆమెకు అర్థమయ్యేది ఒక్కటే, భర్త పోయాడు, కొడుకూ దూరమవుతున్నాడు అని. ఈసారి ఆమె మొదలుపెట్టినప్పుడు ఇలా అను: "అమ్మా, నువ్వు మంచే తలచుకో. నాకు అన్నీ గుర్తొస్తున్నాయి. నువ్వు పడిందీ గుర్తుంది." అంతే, ఆ చివరి మాట దగ్గర ఆగిపో. ఆమె "ఇప్పుడెందుకురా అవన్నీ" అనొచ్చు, ఫోన్ పెట్టేయొచ్చు. ఫర్వాలేదు. తను పడింది చూసినవాడు ఒకడున్నాడని ఆమె చెవిన పడింది, అది పనిచేస్తుంది. మర్నాడు మళ్ళీ చెయ్యి, నాయన గురించి కాకుండా ఏం వండిందో, టాబ్లెట్లు వేసుకుందో లేదో అడుగు. మగ్గం ఏం చేద్దామనుకుంటోందో కూడా ఎప్పుడో ఒకసారి అడగాలి. అది ఆ ఇంట్లో ఒక గదిని పట్టుకొని ఉంది, రోజూ దాని పక్కనే తిరుగుతున్నది ఆమె. ఉంచాలో అమ్మాలో ఆమెనే చెప్పనివ్వు.

సంవత్సరీకానికి వెళ్ళు. ఒట్టు పెట్టిందని కాదు, అమ్మా చెల్లెలూ ఆ రోజు ఒంటరిగా ఉండకూడదని. నటించాలేమో అన్న భయం నీకు అక్కర్లేదు. మన పెద్దవాళ్ళు పెట్టిన ఈ కర్మల్లో నాకు నచ్చేది ఇదే, అవి కొడుకు మనసులో ప్రేమ ఎంతుందో అడగవు. తర్పణంలో చెప్పేది గోత్రం, పేరు. తండ్రి, తాత, ముత్తాత, మూడు తరాలకూ నువ్వులు, నీళ్ళు. మీ ఇంటి ఆనవాయితీలో తేడాలుండొచ్చు. ఏదైనా, "ఈయన నాకు తండ్రి" అన్నంత వరకే నువ్వు చెప్పేది. అది అబద్ధం కాదు కదా. కూర్చో, చెప్పినట్టు చెయ్యి, లే. ఏడుపొస్తే రానివ్వు, రాకపోతే ఊరుకో. మేనత్త మళ్ళీ ఏదో అంటుంది, ఆమె పోగొట్టుకున్నది తోడబుట్టినవాణ్ణి, ఆమె బాధ ఆమెది. "అత్తా, నాకు ఏడుపు రాలేదు, బాధ లేక కాదు" అని మెల్లగా చెప్పి అక్కణ్ణుంచి కదులు. వివరణలోకి దిగావంటే అక్కడ పంచాయతీ అవుతుంది. సంవత్సరీకం తిథిని బట్టి వస్తుంది, ఇంగ్లీషు తేదీతో కలవదు. ఎప్పుడొస్తుందో ఇప్పుడే కనుక్కొని సెలవు పెట్టు, రైలు టికెట్ తీసుకో, చివర్లో తత్కాల్ టెన్షన్ వద్దు. ముందురోజు రాత్రికే చేరితే చెల్లెలితో కూర్చోవడానికి కాస్త టైముంటుంది.

సినిమాతో మొదలైంది కాబట్టి ఇంకో రెండు సినిమాలు చెబుతాను, తీరిక దొరికినప్పుడు చూడు. ఒకటి హిందీలో 2018లో వచ్చిన 'కార్వాన్'. దుల్కర్ సల్మాన్ అందులో నీలాగే బెంగళూరు ఐటీ ఉద్యోగి, తండ్రితో సరిపడని కొడుకు. తండ్రి పోయిన కబురు వస్తే ఏడవడు. వచ్చిన శవపేటికలో వేరే మనిషి ఉంటే, తండ్రిని తెచ్చుకోవడానికి ఇర్ఫాన్ ఖాన్‌తో కలిసి వ్యాన్‌లో కొచ్చి బయల్దేరతాడు. మన అమల కూడా ఉంది. తండ్రీకొడుకుల గొడవను కాస్త తేలిగ్గా తేల్చేశారని నాకు అనిపించింది. అయినా ఏడవని కొడుకును రాతిమనిషిగా చూపించలేదు, అందుకు చూడాలి. రెండోది కన్నడంలో 'తిథి'. మండ్య జిల్లాలో ఒక పల్లె, ఆ ఊరివాళ్ళే నటులు. 2015లో లొకార్నో చిత్రోత్సవంలో బహుమతులు తెచ్చుకుంది. నూరేళ్ళు దాటిన తండ్రి పోతే గడ్డప్ప అనే కొడుకు ఏమీ పట్టనట్టు తన దారిన తిరుగుతుంటాడు. మొదట నవ్వొస్తుంది. తండ్రితో అతనికున్న పాత గాయం ఏమిటో తెలిశాక నవ్వు ఆగిపోతుంది. తండ్రి మీద కోపంతో ఉన్న కొడుకులు కూడా కథలకు పనికొస్తారని నీకు తెలియాలనే ఈ రెండూ చెప్పాను.

నిద్ర విషయం మాత్రం వాయిదా వేయకు. నెల రోజులుగా సరిగా నిద్ర లేదంటే సాయం అడగాల్సిన వేళ అయింది. నువ్వున్న ఊళ్ళోనే మానసిక వైద్యానికి పేరున్న నిమ్హాన్స్ ఆసుపత్రి ఉంది, హోసూర్ రోడ్డులో. బీటీఎం లేఅవుట్‌లో వాళ్ళదే వెల్‌బీయింగ్ సెంటర్ కూడా ఉంది, ఆసుపత్రి అంటే బెరుకుగా ఉంటే అక్కడికి వెళ్ళు. అదీ కుదరకపోతే ఫోన్లోనే మానసిక సాయం చేసే ప్రభుత్వ సేవ టెలీ మానస్ ఉంది, నంబరు 14416. ఏ వేళలో చేసినా ఉచితం, తెలుగులో మాట్లాడొచ్చు. ఏడాది దాటినా దుఃఖం రోజువారీ బతుకును నడవనివ్వకపోతే దానికి వైద్యం ఉందని, 2022లో అమెరికా మానసిక వైద్యుల గ్రంథం దాన్ని విడిగా గుర్తించిందని తెలుసుకో. నీకు అదే ఉందని నేను అనడం లేదు, ఉందో లేదో చూసి చెప్పాల్సింది వాళ్ళు. ఇంట్లో చూసిన దెబ్బల గురించి కూడా వాళ్ళకు చెప్పు, నిద్ర పట్టడం లేదని చెప్పి ఊరుకోకు. నిద్ర కోసం మద్యం తాగడం మొదలుపెట్టి ఉంటే ఆపు. బతకడం దేనికి అన్న ఆలోచన ఎప్పుడైనా వస్తే మర్నాటిదాకా ఆగకుండా అప్పుడే ఆ నంబరుకు చెయ్యి, పక్క గదిలో ఉన్న ఫ్రెండ్‌ను లేపు.

ఆ ఫ్రెండ్ గురించే ఇంకొక్క మాట. వాళ్ళ నాన్నకు ఫోన్ చేసినందుకు నీకు అతని మీద లోపల కోపంగా ఉంది, రెండుసార్లు అతని మీదే అరిచి ఉంటావు. అతనికి మీ ఇంటి సంగతి తెలీదు. "ఆ రోజు సినిమా మధ్యలో ఎందుకు లేచానో చెప్తా" అని టీ కొట్టు దగ్గర మొదలుపెట్టు. అంతా చెప్పక్కర్లేదు, మగ్గం చప్పుడు సంగతి చెబితే చాలు. ఈ రాత్రికి చెల్లెలికి ఫోన్ చెయ్యి. రేపు అమ్మకు చేసి, సంవత్సరీకం ఏ రోజు వచ్చిందో అడుగు.